క్యారీ పర్మిట్ నిరాకరించారు: అప్పీలుకు వెళ్లాలా, మళ్లీ దరఖాస్తు పెట్టాలా?

ప్రశ్న: న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని చిన్న స్టోర్ నడుపుతున్నాను. 2018లో గ్రీన్ కార్డ్ వచ్చింది. రాత్రి షాపు కట్టేశాక క్యాష్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లాల్సి వస్తోంది. గన్ కొనేవారికి పోలీసులు ఇచ్చే ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు, హ్యాండ్‌గన్ మూడేళ్ల కిందటే తీసుకున్నాను. ఈమధ్య గన్‌ను బయట వెంట పెట్టుకుని తిరగడానికిచ్చే క్యారీ పర్మిట్‌కు అప్లై చేస్తే పోలీస్ చీఫ్ నిరాకరించారు. ఫారంలో తెలిసి తప్పు సమాచారం ఇచ్చానని, నాకు పర్మిట్ ఇవ్వడం ప్రజల భద్రతకు మంచిది కాదని లెటర్‌లో రాశారు. 2011లో ఎమ్మెస్ చదివేటప్పుడు నా మీద షాప్‌లిఫ్టింగ్ కేసు పడింది. మునిసిపల్ కోర్టులో ఫైన్ కట్టాను. ‘ఇక అయిపోయింది, మర్చిపో’ అని అప్పటి లాయర్ అన్నారు. అందుకే శిక్ష పడిందా అన్న ప్రశ్నకు ఫారంలో ‘నో’ అని పెట్టాను. నలుగురు రిఫరెన్సుల్లో ఒకరు మా బావమరిది. ఇంకొకరు పోలీసులకు జవాబే ఇవ్వలేదట. ఈసారి ‘యెస్’ అని పెట్టి మళ్లీ అప్లై చెయ్యమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చెయ్యమంటారు? పర్మిట్ లేకుండా గన్‌ను షాపులో ఉంచుకోవచ్చా? మా బావమరిది హెచ్‌-1బీ మీద మా ఇంట్లోనే ఉంటున్నాడు. దానివల్ల ఇబ్బంది ఉందా?

సమాధానం: ముందు నిరాకరణ లెటర్ మీద తేదీ చూడండి. ఆ తేదీ నుంచి 30 రోజుల్లోపు మీ కౌంటీ సుపీరియర్ కోర్టులో హియరింగ్ కోరాలి. మీ కౌంటీకి ఆ కోర్టు న్యూ బ్రన్‌స్విక్‌లో ఉంది. లెటర్ పోస్ట్‌బాక్సులో పడిన రోజు నుంచో, మీరు తెరిచి చదివిన రోజు నుంచో లెక్క పెట్టుకోకండి. ఆలస్యంగా అందిందని తర్వాత వాదించుకోవచ్చేమో గానీ ఆ వాదనతో పని పడకుండా చూసుకోవడమే తెలివైన పని.

మళ్లీ దరఖాస్తు పెట్టమన్న సలహా మాత్రం పక్కన పెట్టండి. వినడానికి సులువుగానే ఉంటుంది: ఇంకో 200 డాలర్లు కట్టి ‘నో’ ఉన్నచోట ‘యెస్’ పెడితే సరిపోతుందని. కానీ ఇదివరకు మీ ఐడీ కార్డు గానీ, పర్మిట్ గానీ నిరాకరించారా, రద్దు చేశారా అనే ప్రశ్న కూడా ఆ ఫారంలో ఉంటుంది. అప్పీలు చెయ్యకుండా వదిలేసిన నిరాకరణ మీ పేరు మీద అలాగే నిలిచిపోతుంది. ఒకే ప్రశ్నకు ఒకసారి ‘నో’, ఇంకోసారి ‘యెస్’ అన్న రెండు ఫారాలు పోలీసుల చేతిలో ఉంటాయి. పైగా మూడేళ్ల కిందట ఐడీ కార్డు తీసుకున్నప్పుడు కూడా అదే ప్రశ్నకు ‘నో’ అనే పెట్టి ఉంటారు కదా? అంటే మొత్తం మూడు ఫారాలవుతాయి. తప్పు సమాచారం ‘తెలిసే’ ఇచ్చారన్న చీఫ్ మాటకు కొత్తగా పెట్టే ఆ ‘యెస్’ ఫారం మీరే అందించిన సాక్ష్యం అవుతుంది.

అప్పుడు దొరకని కేసు ఇప్పుడెలా దొరికిందని మీకు అనుమానం రావచ్చు. క్యారీ పర్మిట్‌కు చేసే విచారణ ఐడీ కార్డు విచారణ కన్నా లోతుగా ఉంటుంది. 2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేదాకా న్యూజెర్సీలో సామాన్యుడికి క్యారీ పర్మిట్ దాదాపు దొరికేది కాదు. ప్రాణానికి ప్రత్యేకంగా ముప్పు ఉందని చూపించాలి, చివరికి జడ్జి సంతకం పెట్టాలి. ఆ ‘ప్రత్యేక అవసరం’ అనే షరతు తీర్పుతో పోయింది. అదే ఏడాది డిసెంబరు 22న వచ్చిన రాష్ట్ర చట్టం నిర్ణయాన్ని పోలీస్ చీఫ్ చేతికిచ్చి, దరఖాస్తుదారు నడవడిక మీద విచారణను పెంచింది. ‘మీకెందుకు కావాలి’ అని ఇప్పుడు ఎవరూ అడగరు. ‘మీరెలాంటివారు’ అని మాత్రం గట్టిగా అడుగుతారు.

మీ కేసులో బాధ కలిగించే సంగతి ఒకటుంది. 200 డాలర్ల లోపు విలువ ఉన్న షాప్‌లిఫ్టింగ్ న్యూజెర్సీలో డిజార్డర్లీ పర్సన్స్ అఫెన్స్ కిందకు వస్తుంది. గృహహింసతో సంబంధం లేని అలాంటి చిన్న నేరం ఒక్కటి ఉన్నంత మాత్రాన పర్మిట్‌కు అనర్హులు కారు. ఎన్నో ఏళ్ల కిందట కుర్రతనంలో జరిగింది, ఫైన్ కట్టాను, ఆ తర్వాత మరే గొడవా లేదు అని ఉన్నదున్నట్టు రాసి, పక్కన కోర్టు కాగితం పెట్టి ఉంటే చీఫ్ రెండు ప్రశ్నలు అడిగి ముందుకు పోయేవారేమో. తెలిసి తప్పు సమాచారం ఇవ్వడం మాత్రం చట్టం ప్రకారం దానంతట అదే అనర్హత. అంతకుమించి, అది థర్డ్ డిగ్రీ క్రైమ్ కూడా. రుజువైతే మూడు నుంచి ఐదేళ్ల జైలు పడవచ్చు.

అందుకే చీఫ్‌కు ‘పొరపాటైంది సార్, క్షమించండి’ అని ఈమెయిల్ పెట్టకండి. డిటెక్టివ్‌కు ఫోన్ చేసి జరిగిందంతా వివరించకండి. మనవాళ్లకు ఎదురుగా కూర్చుని చెప్పుకుంటే సర్దుకుంటుందన్న నమ్మకం ఎక్కువ. ఇక్కడ మీరు చెప్పే ప్రతి మాటా రికార్డులోకి వెళుతుంది. చీఫ్‌తో అనధికారికంగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతి లేకపోలేదు. కోర్టులు కూడా దాన్ని మంచిదనే అంటాయి. రిఫరెన్స్ జవాబు ఇవ్వకపోవడమో, సర్టిఫికెట్ జతచెయ్యకపోవడమో అయితే ఆ సమావేశంతోనే తేలిపోతుంది. తప్పు సమాచారం అన్న ఆరోపణ ఉన్నప్పుడు మాత్రం లాయర్ పక్కన లేకుండా వెళ్లొద్దు.

హియరింగ్ కోరే లెటర్‌ను చాలా పొడిగా రాయండి. మీ పేరు, అడ్రస్, ఏ డిపార్ట్‌మెంట్ ఏ తేదీన ఏ పర్మిట్ నిరాకరించింది, ఆ కారణాలను మీరు ఒప్పుకోవడం లేదు, చట్టం సెక్షన్ 2సీ:58-4 ప్రకారం హియరింగ్ కోరుతున్నారు. అంతే. 2011 గురించి ఒక్క ముక్క కూడా వద్దు. నిరాకరణ లెటర్ కాపీ జతచేసి ఒకటి సుపీరియర్ కోర్టుకు, ఒకటి కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసుకు, ఒకటి స్టేట్ పోలీస్ సూపరింటెండెంట్‌కు, ఒకటి పోలీస్ చీఫ్‌కు సర్టిఫైడ్ మెయిల్‌లో రిటర్న్ రిసీట్‌తో పంపండి. కోర్టుకు వీలైతే స్వయంగా వెళ్లి ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. దీనికి ఫైలింగ్ ఫీజు లేదు, ప్రత్యేకమైన పిటిషన్ ఫార్మాట్ కూడా అక్కర్లేదు. లాయర్ దొరకడం ఆలస్యమైనా ఈ లెటర్ మాత్రం గడువు లోపు వెళ్లిపోవాలి. చట్టం ప్రకారం 60 రోజుల్లో హియరింగ్ జరగాలి గానీ వాయిదాలు పడుతుంటాయి.

లెటర్ పంపాక చెయ్యాల్సిన అసలు పని 2011 నాటి కాగితం తెప్పించడం. కేసు ఏ టౌన్‌లో పడిందో ఆ టౌన్ మునిసిపల్ కోర్టుకు వెళ్లి సర్టిఫైడ్ డిస్పొజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందో కోర్టు ధ్రువీకరించి ఇచ్చే కాగితం, అడగండి. అందులో చూడాల్సింది ఫైన్ ఎంతన్నది కాదు, ఏ నంబరు కింద మీరు తప్పు ఒప్పుకున్నారన్నది. అక్కడ 2సీ:20-11 అని ఉంటే అది షాప్‌లిఫ్టింగ్ శిక్షే. టౌన్ ఆర్డినెన్స్ (ఆ టౌన్ సొంత నిబంధన) నంబరు ఉంటే సంగతి వేరు. మునిసిపల్ కోర్టుల్లో ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి కేసును ఆర్డినెన్స్ ఉల్లంఘన కిందకు దించడం అప్పట్లో మామూలే, ఇప్పుడూ జరుగుతుంది. ఆర్డినెన్స్ ఉల్లంఘన డిజార్డర్లీ పర్సన్స్ అఫెన్స్ కిందకు రాదు. ఫారంలో అడిగింది డిజార్డర్లీ పర్సన్స్ అఫెన్స్‌లో శిక్ష పడిందా అని కాబట్టి మీ ‘నో’ అక్షరాలా నిజమవుతుంది, చీఫ్ చెప్పిన మొదటి కారణం కూలిపోతుంది. అప్పటి లాయర్ ‘అయిపోయింది’ అన్నది దీని గురించేనేమో కూడా.

నంబరు 2సీ:20-11 అని తేలితే ‘నో’ తప్పే. అప్పుడు వాదన ‘తెలిసి’ అన్న మాట చుట్టూ తిరుగుతుంది. ఆ లాయర్ ఇంకా ప్రాక్టీసులో ఉంటే ఆయన ఫైలు తెప్పించండి. కేసు పూర్తిగా పోయిందని మీరు నమ్మడానికి కారణమైన లెటర్ గానీ, ఈమెయిల్ గానీ ఉందేమో వెతకండి. కోర్టువాళ్లు ‘పాత ఫైలు తీసేశాం’ అంటే ఊరుకోకండి, ఆ మాటనే ముద్రతో రాయించుకోండి. అది కూడా సాక్ష్యమే.

ఇక్కడ గన్ కన్నా పెద్ద విషయం ఒకటి ఉంది. 2018లో వచ్చిన గ్రీన్ కార్డు కోసం వేసిన ఐ-485 ఫారంలో ఈ కేసు గురించి చెప్పారా? ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు పడిందా, సమన్లు వచ్చాయా అని ఆ ఫారం విస్తృతంగా అడుగుతుంది. షాప్‌లిఫ్టింగ్‌ను ఇమిగ్రేషన్ చట్టం మామూలుగా మోరల్ టర్పిట్యూడ్ (నీతిమాలిన) నేరంగా చూస్తుంది. ఒకటే నేరమై, గరిష్ఠ శిక్ష ఏడాది దాటకపోతే, పడిన శిక్ష ఆరు నెలల లోపైతే పెటీ అఫెన్స్ మినహాయింపు ఉంది. న్యూజెర్సీ డిజార్డర్లీ పర్సన్స్ అఫెన్స్‌కు గరిష్ఠ జైలు ఆరు నెలలే కాబట్టి కేసు వల్ల వచ్చే చిక్కు చిన్నదే. దాన్ని దాచి ఉంటే వచ్చే చిక్కు మాత్రం పెద్దది. గన్ పర్మిట్ హియరింగ్‌లో ప్రమాణం చేసి మీరు చెప్పే జవాబు రేపు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో మీ ఎదుటికే వస్తుంది. అందుకే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలిసి, ఆ తర్వాతే ఫైర్‌ఆర్మ్స్ లాయర్ దగ్గరకు వెళ్లండి. ఐ-485లో ‘నో’ అని పెట్టి ఉంటే, పర్మిట్ సంగతి పూర్తిగా వదిలెయ్యమని ఇమిగ్రేషన్ లాయర్ చెప్పినా ఆశ్చర్యపోకండి. అప్పుడు ఆ మాటే వినండి.

రికార్డును ఎక్స్‌పంజ్ చేయించుకోమని, అంటే కోర్టు ద్వారా చెరిపించుకోమని, కూడా ఎవరైనా చెప్పవచ్చు. డిజార్డర్లీ పర్సన్స్ అఫెన్స్‌కు ఐదేళ్లు దాటితే అర్హత వస్తుంది, మీకు ఎప్పుడో దాటింది. మంచి పనే, దరఖాస్తుకు ముందే చేసి ఉంటే ఇంకా బాగుండేది. ఎందుకంటే ఫారంలో ప్రశ్న ‘ఎక్స్‌పంజ్ కాని’ నేరాల గురించే. కానీ దానితో ఇదివరకు పెట్టిన ఫారం మారదు. ఇమిగ్రేషన్ వాళ్లకు ఎక్స్‌పంజ్ అన్నది లెక్కలోకి రాదు, అలా చెరిగిపోయిన కేసును కూడా చెప్పాల్సిందే, కాగితం చూపించాల్సిందే. ఎక్స్‌పంజ్ అయ్యాక కోర్టు ఆ కాగితం మామూలుగా ఇవ్వదు. కాబట్టి పిటిషన్ వెయ్యకముందే సర్టిఫైడ్ డిస్పొజిషన్ కాపీలు నాలుగైదు తీసి దాచుకోండి. ఈ ముందుచూపు లేక సిటిజన్‌షిప్ దగ్గర ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలకు కూడా ఒక మాట: 2014 నుంచి మునిసిపల్ కోర్టుల్లో కండిషనల్ డిస్మిసల్ అనే, షరతులు పాటిస్తే కేసు కొట్టేసే వెసులుబాటు ఉంది. రాష్ట్రం దృష్టిలో అది శిక్ష కాదు. కానీ ముందు తప్పు ఒప్పుకోవాలి గనక ఇమిగ్రేషన్ దృష్టిలో శిక్షే అవుతుంది. సంతకం పెట్టే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌కు చూపించాలి.

హియరింగ్ విషయానికొస్తే, అక్కడ జడ్జి కేసును మొదటినుంచీ మళ్లీ చూస్తారు. చీఫ్ నిర్ణయానికి తలూపడం ఆయన పని కాదు. నిరాకరణకు తగిన కారణం ఉందని నిరూపించే భారం పోలీసులది. ‘అవును అనడానికే ఎక్కువ అవకాశం ఉంది’ అనిపించేంత రుజువు చాలు. చీఫ్ గానీ, విచారించిన అధికారి గానీ వచ్చి సాక్ష్యం చెప్పాలి, మీ వైపు వాళ్లు ప్రశ్నలు వెయ్యవచ్చు. ఇతరుల నోట విన్నమాటలను కోర్టు వినవచ్చు గానీ వాటి మీదే తీర్పు నిలబడకూడదు. 1972లో వెస్టన్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఈ పద్ధతి పెట్టింది. 2009లో దుబోవ్ కేసులో అప్పీళ్ల కోర్టు దాన్నే గట్టిగా గుర్తుచేసింది. మీ లెటర్‌లోని రెండో కారణం, ప్రజల భద్రత అనేది, వినడానికి పెద్దగా ఉన్నా దానికింద ఏం ఉందో అడిగి రాబట్టాలి. తప్పు సమాచారం అన్న మొదటి కారణాన్నే ఇంకో పేరుతో రెండోసారి రాశారా, లేక ఇంట్లో గొడవకు 911 కాల్ లాంటిదేమైనా రికార్డులో ఉందా? పోలీసుల విచారణ రిపోర్టు కాపీ ముందే ఇమ్మని ప్రాసిక్యూటర్‌ను అడగమని మీ లాయర్‌కు చెప్పండి. అక్కడేముందో తెలియకుండా సాక్ష్యం చెప్పడానికి లేవకూడదు. ఇంగ్లిష్‌లో తడబడతారనుకుంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను కోర్టే ఖర్చు లేకుండా ఏర్పాటు చేస్తుంది, ముందుగా చెప్పాలి. ప్రమాణం చేసి చెప్పే చోట ‘ఆ, ఆ’ అని తలూపడం కన్నా అదే మేలు. తీర్పు వ్యతిరేకంగా వస్తే 45 రోజుల్లో అప్పెలేట్ డివిజన్‌కు, అంటే అప్పీళ్ల కోర్టుకు, వెళ్లవచ్చు.

అప్పీలు వెయ్యకుండా వదిలేస్తే ఇంకో ప్రమాదం ఉంది. మీ మీద అనర్హత ఉందని చీఫ్ నమ్మితే ఇదివరకు ఇచ్చిన ఐడీ కార్డును రద్దు చెయ్యమని కోర్టును అడగవచ్చు. అది మొదలైతే ఇంట్లో ఉన్న గన్ గురించి కూడా సమాధానం చెప్పుకోవాలి.

రిఫరెన్సుల తప్పు దిద్దుకోగలిగిందే. నలుగురు కావాలి. రక్తసంబంధం గానీ, పెళ్లి ద్వారా వచ్చిన చుట్టరికం గానీ ఉండకూడదు. కనీసం మూడేళ్లుగా మిమ్మల్ని ఎరిగినవారై ఉండాలి. బావమరిది, అన్నయ్య, పెద్దనాన్నగారి అబ్బాయి, ఎవరూ పనికిరారు. మనకు పరిచయాలన్నీ చుట్టాల చుట్టూ అల్లుకుని ఉంటాయి గనక నలుగురు దొరకడం అనుకున్నంత సులువు కాదు. పక్కింటివారు, మీ అకౌంటెంట్, షాపుకు సరుకు వేసే డిస్ట్రిబ్యూటర్, పిల్లల క్రికెట్ కోచ్ లాంటి వాళ్లను ఎంచుకోండి. వాళ్లకు ముందే చెప్పండి: ఈమెయిల్ వస్తుంది, స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ, డిటెక్టివ్ ఫోన్ కూడా చెయ్యవచ్చు. మీ కోపతాపాలు, తాగుడు, ఇంట్లో గొడవలు, అన్నీ అడుగుతారు. ‘చాలా మంచోడు సార్’ అని ఒక్క ముక్కతో సరిపెట్టేవారి కన్నా, ఎన్నేళ్లుగా ఎలా తెలుసో చెప్పగలిగేవారు నయం. జవాబివ్వని ఒక్క రిఫరెన్స్ వల్ల దరఖాస్తు నెలల తరబడి ఆగుతుంది.

దరఖాస్తు పెట్టబోయే మిగతావాళ్ల కోసం నాలుగు మాటలు. 200 డాలర్ల ఫీజులో 150 టౌన్‌కు, 50 రాష్ట్రానికి పోతాయి. కొన్ని టౌన్‌లు తమ 150 వెనక్కి ఇచ్చేస్తున్నాయి, క్లర్కును అడగండి. షూటింగ్ పరీక్షలో 50 రౌండ్లకు 40 తగలాలి, హోల్‌స్టర్ నుంచి తీసి కాల్చడం కూడా అందులో భాగమే. రేంజ్‌లో నిలబడి నిదానంగా కాల్చడం మాత్రమే అలవాటైనవాళ్లు తప్పేది ఇక్కడే. ఏ గన్, ఏ హోల్‌స్టర్ వాడబోతారో వాటితోనే సాధన చెయ్యండి. చీఫ్ 90 రోజుల్లో తేల్చాలి, కారణం చెప్పి రాతపూర్వకంగా ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. ఆ గడువూ దాటితే మంజూరైనట్టేనని చట్టంలో ఉంది. కానీ కార్డు చేతికి రాకుండా గన్ నడుముకు పెట్టుకుని బయటికి వెళ్లొద్దు. పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్‌తో దొరికితే సెకండ్ డిగ్రీ క్రైమ్, ఐదు నుంచి పదేళ్లు. అందులో కనీసం 42 నెలలు పరోల్ లేకుండా లోపల ఉండాలి.

దరఖాస్తు వెళ్లేది మీరు నివసించే టౌన్‌షిప్ పోలీసులకు. పోస్టల్ అడ్రస్ చూసి మోసపోవద్దు. ఐజలిన్‌లో ఉంటే మీది వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్. మన్‌మౌత్ జంక్షన్, కెండాల్ పార్క్, డేటన్ వాళ్లది సౌత్ బ్రన్‌స్విక్. ప్రిన్స్‌టన్ జంక్షన్ వాళ్లది వెస్ట్ విండ్సర్. తప్పు డిపార్ట్‌మెంట్‌కు వెళ్లిన దరఖాస్తుతో కాలం వృథా.

పేర్ల గోల మనకు ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, గ్రీన్ కార్డులో ఇంకోచోట, డ్రైవింగ్ లైసెన్సులో మూడో పేరు కత్తిరించి ఉంటుంది. ఈ రూపాలన్నీ ‘ఇతర పేర్లు’ గడిలో రాయండి. రాయకపోతే దాచినట్టు కనిపిస్తుంది. వెంకట, శ్రీనివాస లాంటి పేర్లతో పుట్టినతేదీ దగ్గరగా ఉన్న ఇంకొకరి రికార్డు మీ మీద పడి గన్ కొనేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఆగిపోతుంటే, ఎఫ్‌బీఐ వాళ్ల వాలంటరీ అప్పీల్ ఫైలుకు దరఖాస్తు పెట్టుకుని యూపిన్ అనే నంబరు తీసుకోండి. తర్వాతి కొనుగోలు ఫారాల్లో ఆ నంబరు రాస్తే ఈ గందరగోళం తగ్గుతుంది.

మానసిక చికిత్స గురించిన ప్రశ్న దగ్గర కూడా చాలామంది ‘నో’ పెట్టేస్తారు. లేఆఫ్ టైములో కౌన్సెలింగ్‌కు వెళ్లినా, డాక్టర్ దగ్గర డిప్రెషన్ మందు వాడినా ‘యెస్’ అనే రాసి, డాక్టర్ పేరు, తేదీలు ఇచ్చి, ఇప్పుడు పరిస్థితి బాగుందని ఆయన దగ్గర లెటర్ తీసుకోండి. కౌన్సెలింగ్‌కు వెళ్లడం తప్పు కాదు, దాన్ని దాచడం మాత్రం మీ 2011 కేసు లాంటిదే అవుతుంది. గంజాయి న్యూజెర్సీలో చట్టబద్ధమే అయినా ఫెడరల్ గన్ కొనుగోలు ఫారంలో గంజాయి వాడతారా అన్న ప్రశ్న ఉంటుంది, రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం ఒప్పుకోదని అక్కడే హెచ్చరిస్తుంది.

టెక్సస్‌లో ఉన్న చుట్టాల మాటలు ఇక్కడికి తెచ్చుకోవద్దు. అక్కడ 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు దాటిన అర్హులకు పర్మిటే అక్కర్లేదు. పెన్సిల్వేనియాలో కౌంటీ షెరీఫ్ 45 రోజుల్లో తేలుస్తారు. న్యూజెర్సీ ఏ ఇతర రాష్ట్రం పర్మిట్‌నూ గుర్తించదు. న్యూజెర్సీ పర్మిట్ న్యూయార్క్‌లో చెల్లదు. హాలండ్ టన్నెల్‌లోకి ఎక్కేముందు ఆ సంగతి గుర్తుండాలి. పర్మిట్ ఉన్నా న్యూజెర్సీలో ఎక్కడెక్కడ తీసుకెళ్లకూడదన్న జాబితా మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడుస్తున్నాయి. అందుకని రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసు తాజా జాబితా ఎప్పటికప్పుడు చూసుకోవాలి.

షాపు సంగతి. మీ స్వంత వ్యాపార స్థలంలో, మీ ఇంట్లో గన్ ఉంచుకోవడానికి క్యారీ పర్మిట్ అక్కర్లేదు. లీజుకు తీసుకున్న స్థలమైనా మీ స్వాధీనంలో ఉంటే చాలు. ఈ మినహాయింపు యజమానికే, కౌంటర్ దగ్గర పనిచేసే కుర్రాడికి వర్తించదు, మీరు లేనప్పుడు అతని చేతికి ఇవ్వకూడదు. లీజు ఎల్‌ఎల్‌సీ పేరున ఉంటే, అందులో ఇంకో పార్ట్‌నర్ ఉంటే ఒకసారి లాయర్‌కు చూపించండి. ఇంటికీ షాపుకూ మధ్య తీసుకెళ్లేటప్పుడు తూటాలు తీసేసి, మూత బిగించిన కేసులో గానీ, తాళం వేసిన డిక్కీలో గానీ పెట్టాలి. దారిలో బ్యాంకు దగ్గర ఆగి జేబులో వేసుకోవడం ఇందులోకి రాదు. మీకు పర్మిట్ కావాల్సింది ఆ పది నిమిషాల కోసమే. నా అభిప్రాయం అడిగితే, రోజూ ఒకే వేళకు ఒకే బ్యాంకుకు నోట్ల సంచితో వెళ్లే అలవాటును గన్ కన్నా ముందు మార్చాలి. క్యాష్ తీసుకెళ్లే సర్వీసు వారానికి రెండుసార్లు వచ్చేలా, మధ్య రోజుల్లో డ్రాప్ సేఫ్‌లో ఉండేలా ఏర్పాటు చేసుకుంటే అప్పీలు ఎంత కాలం సాగినా మీ పని ఆగదు.

ఇక మీ బావమరిది. హెచ్‌-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు గన్ గానీ, తూటాలు గానీ చేతిలో ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. శిక్ష 15 ఏళ్ల దాకా ఉంటుంది, గన్ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించెయ్యడానికి అదొక్కటే చాలు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అది లేకుండా రేంజ్‌కు తీసుకెళ్లి సరదాగా నాలుగు రౌండ్లు కాల్పించినా నేరమే, ఆ ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే సాక్ష్యం కూడా అవుతుంది. గన్ మీదే అయినా అతని చేతికి అందేలా ఉంటే అతని స్వాధీనంలో ఉన్నట్టే వాదించవచ్చు. కాబట్టి గన్‌నూ తూటాలనూ సేఫ్‌లో పెట్టి తాళం వెయ్యండి. నంబరు అతనికి తెలియకూడదు, తాళంచెవి ఇంట్లో అందరికీ తెలిసిన డబ్బాలో ఉండకూడదు. మీ ఇంట్లో హెచ్‌-4 మీద ఇంకెవరైనా ఉంటే వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. సేఫ్ నంబరు ఇప్పటికే అతనికి తెలిసి ఉంటే ఈ సాయంత్రమే మార్చెయ్యండి.